వైరసుల వంశవృక్షము – న్యాయస్థానమున సాక్ష్యము

పూర్వము తాళపత్ర గ్రంథములను లేఖకులు చేతితో నకలు వ్రాసెడివారు. ఒక లేఖకుడు ‘వనము’ అనుటకు మారుగా ‘ధనము’ అని పొరబడి వ్రాసినచో, ఆ ప్రతిని చూచి వ్రాసినవారి ప్రతులలోను ఆ తప్పే దొరలును. గ్రంథ పరిష్కర్తలు ఇట్టి తప్పులను పోల్చి, ఏ ప్రతికి ఏది మాతృకయో నిర్ణయింతురు. విద్యార్థులారా, మీ ఇండ్లలో ఒకే గ్రంథమునకు రెండు వ్రాతప్రతులున్నచో మీరును పోల్చి చూడుడు.

వైరసులును ఇట్టి లేఖకులే. ఎయిడ్స్ వ్యాధికి కారణమగు హెచ్.ఐ.వి. యొక్క జన్యులిపిలో నాలుగు విధముల అక్షరములే కలవు. దాని నిడివి సుమారు 9,700 అక్షరములు. అది శరీరమున నకళ్లు పుట్టించునప్పుడు తప్పులు దొరలుచుండును. వాటిని దిద్దుకొను ఏర్పాటు దానికి లేదు. ఒకరినుండి మరియొకరికి సోకినప్పుడు ఆ తప్పులును వెంట పోవును. కావున రోగుల రక్తమునుండి ఆ లిపిని చదివి వంశవృక్షమును గీయవచ్చును. ఏటేట ఇంచుమించు ఎన్ని తప్పులు చేరునో తెలిసియున్నందున, ఏ కొమ్మ ఎప్పుడు చీలినదో కూడ లెక్కింపవచ్చును.

ఈ లెక్క ఆరుగురి ప్రాణములకు సంబంధించిన వ్యాజ్యమున అక్కరకు వచ్చినది. లిబియా దేశమున బెంగాజీ నగరపు పిల్లల ఆసుపత్రిలో 400 మందికి పైగా పిల్లలకు హెచ్.ఐ.వి. సోకినట్లు 1998లో బయల్పడెను. కన్నవారి దుఃఖమునకు మేర లేదు. బల్గేరియా దేశపు నర్సులు ఐదుగురు, పాలస్తీనా వైద్యుడొకడు కావలెననియే ఈ పని చేసిరని 1999లో నిర్బంధింపబడిరి. 2004లో వారికి మరణశిక్ష పడెను. 2005లో పై న్యాయస్థానము దానిని కొట్టివేసి, మరల విచారింపుమనెను.

ఐరోపా ఆసుపత్రులలో చికిత్స పొందిన ఆ పిల్లల వైరసులను శాస్త్రజ్ఞులు పరిశీలించి, 2006 డిసెంబరులో ‘నేచర్’ పత్రికలో ఫలితమును ప్రకటించిరి. ఆ హెచ్.ఐ.వి. వైరసులన్నియు ఒకే కొమ్మకు చెందినవి. పశ్చిమ ఆఫ్రికాలో విరివిగానున్న శాఖకు దగ్గరి చుట్టములు. అభియోగము ప్రకారము ఆ విదేశీయులు పనిలో చేరినది 1998 మార్చిలో. కాలగణనము చేయగా, ఆ కొమ్మ అంతకు ముందే చిగిర్చి వ్యాపింపసాగినట్లు తేలెను. పలువురు పిల్లలకు సోకిన హెపటైటిస్-సి వైరసు లిపియు ఆ మాటే చెప్పినది. ఆసుపత్రిలో శుభ్రత లోపించి వ్యాధి చాలకాలముగా ప్రాకుచున్నదని ఇది సూచించినది.

అయినను అదే నెలలో న్యాయస్థానము మరల మరణశిక్షయే విధించెను. 2007 జూలైలో అది యావజ్జీవ శిక్షగా మారెను. పిమ్మట వారిని బల్గేరియాకు పంపగా అచ్చట క్షమాభిక్ష లభించెను. వారిని విడిపించినది ప్రభుత్వముల నడుమ సాగిన సంప్రదింపులే గాని శాస్త్రము కాదు.

ఇచ్చట జాగ్రత్తగా గ్రహింపవలసిన మెలిక యొకటి కలదు. రెండు వైరసులు దగ్గరి చుట్టములైనంత మాత్రమున ఒకరు మరియొకరికి అంటించిరని చెప్పరాదు. ఇరువురికిని మూడవ వ్యక్తినుండి సోకియుండవచ్చును, నడుమ వేరొకరుండవచ్చును. దూరపు కొమ్మలవైనచో మాత్రము సంబంధము లేదని గట్టిగా చెప్పవచ్చును. కావున ఈ విద్య నేరమును మోపుటకంటె నిర్దోషిని కాపాడుటకే ఎక్కువ తగినదని మా అభిప్రాయము. అమెరికాలోని లూసియానా రాష్ట్రమున ఒక వైద్యుడు, తనకు పరిచితురాలైన స్త్రీకి రోగి రక్తమును సూదిమందుగా ఎక్కించెనని 1998లో దోషిగా నిర్ణయింపబడెను. అచ్చట వైరసుల పోలిక సాక్ష్యముగా అంగీకరింపబడినది. కాని దానికి తోడుగా, రోగినుండి రక్తము తీసినట్లు తెలుపు దస్త్రములును న్యాయస్థానము నెదుట నుంచబడినవి.