మీటలు, వాటి టోపీలు : రెండు లిపుల కీబోర్డు

తెలుగు, ఉర్దూ రెండింటినీ ఒకే కీబోర్డుపై వ్రాయవలసిన విద్యార్థులకు అంగడిలో సిద్ధముగా దొరకునది తరచుగా చాలదు. అందుచే విడిభాగములు తెప్పించి మెకానికల్ కీబోర్డును స్వయముగా కూర్చుకొనదలచువారు మనలోనూ ఉన్నారు. ఇందులో ప్రతి మీటకు క్రింద స్విచ్చి, పైన కీక్యాప్ అనే టోపీ ఉండును. రెండూ వేర్వేరుగా అమ్ముదురు. చిక్కంతయు అక్కడనే.

మొదట చూడవలసినది స్విచ్చి తల. 1980 దశకములో జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ తెచ్చిన ఎమ్‌ఎక్స్ స్విచ్చి తల కూడిక గుర్తువలె ఉండును. నేటి స్విచ్చులలో అధికభాగము ఆ పోలికవే. పాత ఆల్ప్స్ స్విచ్చి తల దీర్ఘచతురస్రము. దాని టోపీ దీనికి పట్టదు. తల కుదిరినను, స్పేస్‌బారు కుదరకపోవచ్చును. సాధారణముగా అది అక్షరపు మీటకు 6.25 రెట్లు, కొన్నిటిలో 7 రెట్లు. కుడి షిఫ్టు పెద్ద కీబోర్డులలో 2.75 రెట్లు, చిన్నవాటిలో తరచుగా 1.75. డబ్బు కట్టుటకు ముందే స్కేలుతో కొలుచుకొనుట మేలు.

ఇక వ్రేళ్ల సంగతి. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో "స్త్రీ" అను ఒక్క అక్షరమునకు ఆరు నొక్కులు కావలెను: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. కనుక తెలుగు వ్రాయువారికి తేలిక స్విచ్చియే హితవు. చెర్రీ ఎరుపు స్విచ్చికి 45 సెంటీన్యూటన్ల బలము చాలును. నీలి స్విచ్చికి సుమారు 60 కావలెను, పైగా అది టకటకలాడును. గ్రంథాలయములో దానిని ఎవరు సహింతురు?

జువ్వలదిన్నె వంటి రేవు గ్రామములో ఉప్పుగాలినీ లెక్కింపవలెను. స్విచ్చులను పట్టియుంచు పలక మామూలు ఉక్కుదైతే పూత చెదిరినచోట తుప్పు పట్టును; అల్యూమినియముది మేలు. స్విచ్చిలోపలి స్పర్శబిందువులు బంగారు మిశ్రమమువైతే తేమకు ఓర్చుకొనును. లోహస్పర్శయే లేక అయస్కాంతముతో పనిచేయు హాల్ స్విచ్చులూ వచ్చినవి గాని, వాటికి తగిన ప్రత్యేక సర్క్యూట్ బోర్డు కావలెను.

అక్షరముల ముద్రణయే మాకు అన్నిటికన్న కష్టముగా తోచినది. కె మీటపై తెలుగు 'క', ఉర్దూ ఫొనెటిక్ అమరికలో 'కాఫ్' చక్కగా కలియును. డి మీటపై మాత్రము తెలుగుకు పొల్లు, ఉర్దూకు దాల్! ఇంగ్లీషు అక్షరముతో కలిసి మూడు గుర్తులు ఒకే టోపీపై పట్టవలెను. అతికించు కాగితములు చెమటకు లేచిపోవును. పీబీటీ ప్లాస్టిక్‌లోనికి రంగు ఇంకునట్లు వేడితో ముద్రించినవి అరుగవు; అయితే రంగు ప్లాస్టిక్ కన్న ముదురుగా ఉండవలెను గనుక, లేతరంగు టోపీలనే ఎంచుకొనవలెను. కమిటీవారు కంప్యూటరు గదికి తెప్పించునప్పుడు ముందుగా ఒక్క కీబోర్డుకు సరిపడు టోపీలను మాత్రమే తెప్పించి, ఇరు శాఖల విద్యార్థులచే వ్రాయించి చూడవలెనని మా మనవి.