ఉబ్బసానికీ గురకకూ ఏమిటి సంబంధం?

పిల్లలూ! ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సులో వచ్చి చదువుకునే అబ్బాయి ఒకడు మా తొమ్మిదో తరగతిలో ఉండేవాడు. జేబులో ఉబ్బసం మందు పీల్చే ఇన్‌హేలరు, మొదటి పీరియడ్‌లోనే కునికిపాట్లు! సోమరి అనుకుని చాలాసార్లు బెంచీ ఎక్కించాను. ఒకనాడు వాళ్ళమ్మ వచ్చి, "రాత్రి గురక వెడ్తడు సారూ. నడుమ ఊపిరి ఆగిపోతది, మల్ల ఉలిక్కిపడి లేస్తడు" అన్నది. తప్పు నాదని అప్పుడర్థమైంది.

ఉబ్బసంలో ఊపిరితిత్తుల్లోని సన్నని శ్వాసనాళికలు వాచి, బిగుసుకుపోతాయి. పిల్లికూతలు వినిపిస్తాయి. వాళ్ళమ్మ చెప్పింది మరో జబ్బు లక్షణం. దాని పేరు స్లీప్ ఆప్నియా. ఇందులో అడ్డు గొంతులో పడుతుంది. శ్వాసనాళానికి మృదులాస్థి ఉంగరాలున్నాయని చదువుకున్నారు గదా! నాలుక వెనుక ఉన్న గొంతుకు ఆ ఉంగరాలు లేవు. కండరాలే దాన్ని తెరచి ఉంచాలి. నిద్రలో అవి సడలుతాయి.

ఒక కాగితపు స్ట్రాను నీళ్ళలో బాగా నాననివ్వండి. అడుగు చివర వేలితో మూసి పీల్చండి. గోడలు లోపలికి కూలి అతుక్కుంటాయి. ఎంత గట్టిగా పీలిస్తే అంత త్వరగా! గొంతులోనూ ఇంతే. ఊపిరి 10 సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. రాత్రంతా ఇదే వరస అయితే పగలు నిద్ర రాక ఏమవుతుంది?

ఉబ్బసం ఉన్నవారిలో చాలామందికి ముక్కు దిబ్బడ కూడా ఉంటుంది. అందుకని గాలిని గట్టిగా పీలుస్తారు. తడిసిన స్ట్రాను గుర్తు తెచ్చుకోండి! ఇక గొంతు మూసుకున్నప్పుడు ఛాతీ గాలికోసం పెనుగులాడుతుంది. ఆ లాగుడుకు జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్ని శ్వాసనాళికలను రేపుతుంది, ఉబ్బసం ముదురుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఆప్నియా లేని పెద్దవారిని నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షించారు. ఉబ్బసం ఉన్నవారిలో నూటికి 27 మందికి, లేనివారిలో 16 మందికి అది కొత్తగా వచ్చిందని 2015లో ప్రకటించారు.

పెద్దవారికి ముక్కుపై తొడుగు పెట్టి, గాలి ఒత్తిడితో గొంతును తెరచి ఉంచే యంత్రం ఉంది. ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సల్లివాన్ 1981లో ఈ పద్ధతిని వెల్లడించాడు. పిల్లల్లో ఎక్కువగా దోషి టాన్సిల్స్, ముక్కు వెనుక ఉండే అడినాయిడ్స్. ప్రతి గురకా ఆప్నియా కాదు లెండి. కానీ ఉబ్బసమున్న తమ్ముడో చెల్లెలో గురక పెడుతుంటే, ఊపిరి ఎన్ని సెకన్లు ఆగుతోందో గడియారం చూసి రాసుకోండి. ఆ కాగితం డాక్టరుకు చూపించండి. ఇన్‌హేలరు మాత్రం సొంతంగా మానకూడదు.

మా అబ్బాయికి వాచిన టాన్సిల్స్ తీసేశారు. ఇన్‌హేలరు ఇంకా జేబులోనే ఉంది గాని, మొదటి పీరియడ్‌లో ఇప్పుడు నన్నే ప్రశ్నలతో నిలబెడుతున్నాడు.