చేవ్రాలు

క్రీడాకారుల పటములను, వారి చేవ్రాళ్లను సేకరించుట పలువురు బాలబాలికలకు ప్రియమైన వ్యాపకము. అయితే చేవ్రాలు దేనికి సాక్ష్యము?

1926లో బొంబాయి నగరమున సి.కె. నాయుడు ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లు కొట్టి 153 పరుగులు సాధించెను. 1932లో లార్డ్స్ మైదానమున భారతజట్టు ఆడిన మొదటి టెస్టుకు ఆయనయే నాయకుడు. నాగపురమున తెలుగు కుటుంబములో జన్మించిన ఆ వీరుడు 1953-54లో ఆంధ్రజట్టుకును నాయకత్వము వహించెను. మచిలీపట్నపు విద్యార్థి యొకనికి ఆయన చేవ్రాలు దొరికినను, అందు పేరు మాత్రమే యుండును. ఆ సిక్సర్లు ఉండవు.

చదరంగమున పద్ధతి వేరు. దీర్ఘసమయపు పోటీలలో ఆటగాండ్రు ప్రతి యెత్తును స్వహస్తముతో వ్రాసికొందురు. ఆట ముగియగానే ఇరువురును ఆ పత్రములపై చేవ్రాలు చేయుదురు. 1987లో గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2002లో, 15 యేండ్ల ప్రాయముననే గ్రాండ్‌మాస్టరయ్యెను. అట్టి ఆమె పత్రమొకటి చేతికందినచో, పేరుతోపాటు ఆటయంతయు అందులో కనబడును.

కావున చేవ్రాలు సేకరించు విద్యార్థి దాని క్రింద తేదిని, స్థలమును, తాను చూచిన ఆటను రెండు వాక్యములలో వ్రాసికొనవలెను.

అయినను కాగితము శాశ్వతము కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణములను బలిగొనెను. పోయినవారి రూపము చూచుకొనుటకు ఒక్క పటమైనను మిగులని యిండ్లు కలవు. అచ్చట మాటలే జ్ఞాపకములను నిలిపినవి. కనుక చూచిన ఆటను వ్రాయుటయేగాక, తమ్ములకును చెల్లెండ్రకును చెప్పవలెను. పత్రము తడిసి చినిగినను, చెప్పిన ఆట నిలుచును.