వేరు చూసి కత్తి పట్టాలి

వాల్పారై కొండల్లోని తేయాకు తోటల్లో పనిచేసి రిటైరయ్యాను. దక్షిణ భారత తోటల యజమానుల సంఘం (ఉపాసి) నడిపే తేయాకు పరిశోధన కేంద్రం మాకు దగ్గరే. దాని మాట వినడం మాత్రం ఆలస్యంగా నేర్చుకున్నాను. తోటల్లో కొత్తగా చేరే పిల్లల కోసం ఈ నాలుగు మాటలు.

1. కత్తి పట్టే ముందు వేరు చూడు.

తేయాకు పొదను నాలుగైదేళ్లకోసారి బాగా కిందికి కత్తిరిస్తాం. ఆకులు పోయిన పొద మళ్లీ చిగురించాలంటే వేరులో దాచుకున్న పిండిపదార్థమే దిక్కు. అది ఉందో లేదో తెలుసుకునే పరీక్ష చాలా సులువు. పెన్సిల్ మందం వేరును కోసి, కోసిన చోట అయోడిన్ రాయాలి. ముదురు నీలంగా మారితే కత్తిరించవచ్చు. మారకపోతే కోత ఆపి పొదకు విశ్రాంతినివ్వాలి. ఒక ఏడాది ఎండలకు డస్సిన తోటను, మనుషులు దొరికారు కదా అని, ఈ పరీక్ష చేయకుండానే కత్తిరించాం. చాలా పొదలు మోడులుగానే మిగిలాయి. తేయాకు పొద యాభై ఏళ్లకు పైగా బతికే మొక్క, ఒక్క తప్పు కోతతో పోయింది. ఆ ఖాళీల్లో మొక్కలు నాటించాను గానీ, నేను తోట వదిలే నాటికి కూడా ఆ మడి మునుపటిలా నిండలేదు.

2. దిగుబడి ఒక్కటే చూసి మొక్కను ఎంచుకోకు.

విత్తనంతో పెరిగిన పాత పొదకు తల్లివేరు లోతుకు దిగుతుంది. కొమ్మ ముక్కతో పెంచిన క్లోన్‌కు ఆ వేరుండదు. కరువును తట్టుకునే రకం మీద మంచి ఆకునిచ్చే రకాన్ని నర్సరీలోనే అంటుకట్టే పద్ధతిని పరిశోధకులు తెచ్చింది అందుకే. ఒక వాలంతా ఒకే క్లోన్ వేయడం కూడా మంచిది కాదు. చీడ వస్తే అన్నిటికీ ఒకేసారి వస్తుంది.

3. మందు డబ్బా తీసే ముందు ఆకాశం చూడు.

1946లో దక్షిణాది తోటల్లో కనిపించిన బొబ్బ తెగులు మనం కోసే లేత చిగురునే పడుతుంది. మబ్బు, తడి దానికి బలం. ఎండ గిట్టదు. అందుకే రోజూ ఎన్ని గంటలు ఎండ కాసిందో రాసుకుని, దాన్నిబట్టి రాగి మందు చల్లమని పరిశోధకులు చెప్పారు. అనవసరంగా చల్లకు: కోసిన ఆకును ఫ్యాక్టరీలో కడగరన్న సంగతి మరవకు.

4. పురుగును చంపే ముందు దాన్ని తినేదెవరో తెలుసుకో.

ఆకులు చుట్టే గొంగళి పురుగును అణచడానికి సిలోన్‌లో (నేటి శ్రీలంక) 1930లలో జావా నుంచి ఒక చిన్న కందిరీగను తెచ్చి వదిలారు. అది పని చేసింది. తర్వాత కొమ్మలు తొలిచే మరో పురుగు కోసం డీల్డ్రిన్ అనే పురుగుమందు చల్లితే కందిరీగ చచ్చింది, గొంగళి పురుగు తిరిగొచ్చింది.