ట్యూబ్‌లైట్ కింద కొమ్ము పురుగు

ఫ్రెండ్స్, ముందే చెప్పేస్తున్నా. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పెద్దది రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకుపోండి. రాయబోయేది ఒక పురుగు గురించి. మన క్లబ్‌లో అందరూ వెన్నెల మీద రాస్తారు, పురుగు మీద కూడా ఒకరు రాయాలి కదా.

మా అమ్మమ్మ వాళ్ళది ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. జూన్‌లో మొదటి వాన పడిన రాత్రి, పోయిన కరెంటు వచ్చి అరుగు మీద ట్యూబ్‌లైట్ వెలగ్గానే ఏదో బుర్రుమంటూ వచ్చి గోడకి టప్పున కొట్టుకుని వెల్లకిలా పడింది. నా బొటనవేలంత ఉంది. నల్లగా, వార్నిష్ పూసినట్టు మెరుస్తోంది. తల మీద వెనక్కి వంగిన చిన్న కొమ్ము.

"ఓలమ్మో, కొమ్ము పురుగే గుంటా! తొక్కీ!" అంది అమ్మమ్మ.

నేను తొక్కలేదు. ఇలాంటి పెద్ద నల్ల పురుగు పేడపురుగు అని, అది పేడని మట్టిలో కలిపి రైతుకి సాయం చేస్తుందని స్కూల్లో చదివాను. హార్లిక్స్ సీసా మూతకి చిల్లులు పెట్టి అందులో వేశాను, పొద్దున్నే తోటలో వదిలేద్దామని. అమ్మమ్మకి పురుగంటే భయం, నాకు సైన్స్ తెలుసు, ఇదీ ఆ రాత్రి నా లెక్క.

ఫోన్‌లో ఫొటో పెట్టి వెతికితే మొదటి జవాబు హెర్క్యులిస్ బీటిల్ అని వచ్చింది. అది మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో ఉండే పురుగు. కవిటికి ఏ బస్సెక్కి వచ్చినట్టు? రెండో జవాబు పేడపురుగు. తప్పు నాదే. పై నుంచి, ట్యూబ్‌లైట్ మెరుపులో, కొమ్ము కూడా కనిపించని ఒకే ఒక్క ఫొటో ఇచ్చాను. మోడల్‌కి మనం ఇచ్చిన పిక్సెల్సే తెలుసు, మనం ఏ ఊళ్ళో నిలబడ్డామో, చుట్టూ ఏ చెట్లున్నాయో తెలీదు. ఆ రెండూ మనం చెప్పుకోవాల్సిందే.

అందుకని పక్క నుంచి ఒకటి, కడుపు వైపు ఒకటి, తల దగ్గర నుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఒకటి తీశాను. నాలుగున్నర సెంటీమీటర్లు. ఆ తర్వాత ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వెళ్ళాను. మా వైపు జీడితోటలు ఎక్కువ, జీడిమామిడి మొదలు తొలిచే పురుగు కూడా పెద్దదే, కానీ దాని మీసాలు ఒంటికి సాటిగా పొడుగ్గా ఉంటాయి. దీనివి చాలా పొట్టి, చివర చిన్న చిన్న రేకులు విసనకర్రలా విచ్చుకుంటున్నాయి. కాబట్టి అది కాదు. కొబ్బరిని చంపే ఎర్ర ముక్కు పురుగుకి ముందుకు సాగిన ముక్కు ఉంటుంది, రంగు ఎరుపు. అదీ కాదు. రేకుల మీసాలుంటే పేడపురుగు, కొమ్ము పురుగు ఉండే పెద్ద కుటుంబం. ఇక్కడే అసలు చిక్కు. పేడపురుగుల్లో కొన్నిటికి కూడా కొమ్ములుంటాయి. ముందు కాళ్ళకి రంపంలాంటి పళ్ళు రెండిటికీ ఉంటాయి. తేడా తలలో ఉంది. పేడపురుగు తల పారలాగా వెడల్పుగా, చదునుగా ఉంటుంది, ఒళ్ళు గుండ్రం. దీని తల చిన్నది, ఒళ్ళు పొడుగ్గా గొట్టంలా ఉంది. తిరగేసి చూస్తే తోక కొసన ఎర్రటి గోధుమ రంగు నూగు. అది ఆడదానికి గుర్తు. కొమ్ము పొట్టిగా ఉండటానికి కారణం కూడా అదే, మగదానికి ఇంకా పొడుగ్గా ఉంటుంది.

దీని శాస్త్రీయ నామం ఒరిక్టెస్ రైనోసెరస్. 1758లో లినేయస్ దీన్ని వర్ణించి ఖడ్గమృగం పేరు పెట్టాడు. ఒరిక్టెస్ అంటే గ్రీకులో తవ్వేది అని. అంటే నేను గంటసేపు కష్టపడి తేల్చింది అమ్మమ్మ ఒక్క సెకనులో చెప్పిన పేరే.

పొద్దున్న మావయ్య సీసా చూసి, "రా, నీకు చెట్టు మీద సంతకం చూపిస్తాను" అని తోటకి తీసుకెళ్ళాడు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను ఏడో తరగతి. తాతయ్య వేసిన కొబ్బరిచెట్లు చాలావరకు ఆ ఒక్క రోజులో పడిపోయాయి. ఇప్పుడున్నవి ఆ తర్వాత నాటినవి, ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. వాటి మట్టలు కొన్ని ఎవరో కత్తెరతో కోసినట్టు, రెండు వైపులా ఒకేలా, వి ఆకారంలో తెగి ఉన్నాయి. కాగితాన్ని మడతలు పెట్టి ఒక చోట కత్తిరించి విప్పితే వరసగా డిజైన్ వస్తుంది చూడండి, అదే. పురుగు మొవ్వులోకి తొలుచుకుని వెళ్ళేటప్పటికి ఆకు ఇంకా మడతల్లోనే ఉంటుంది. ఒక్క కన్నం, విప్పుకున్నాక పది కోతలు. ఇంకో సంగతి, ఆ ఆకు బయటికొచ్చి విచ్చుకోవడానికి నెలలు పడుతుంది. కాబట్టి మనకి ఇవాళ కనిపించే కోత లాగ్ ఫైల్‌లో పాత ఎంట్రీ లాంటిది. పురుగు వచ్చి వెళ్ళి చాలా కాలమైంది.

పెద్ద చెట్టు తట్టుకుంటుంది. లేత మొక్కకి మొవ్వు పోతే ప్రాణమే పోతుంది. పైగా ఇది చేసిన గాయం వాసన పట్టుకుని ఎర్ర ముక్కు పురుగు వస్తుంది, అది లోపల దూరితే చెట్టు దక్కడం కష్టం.

"మరి ఇవి ఎక్కడ్నుంచి వస్తున్నాయి?" అని అడిగాను. మావయ్య పక్క తోట వైపు చూశాడు. నాకు రాత్రి చదివింది గుర్తొచ్చింది. ఈ పురుగు చెట్టు మీద గుడ్లు పెట్టదు. కుళ్ళిన దాంట్లో పెడుతుంది, పశువుల గత్తంలో, పుచ్చిన కొబ్బరి దుంగల్లో. ఒక ఆడది నూరు దాకా గుడ్లు పెట్టగలదు. పిల్ల పురుగు నెలల తరబడి ఆ కుళ్ళు తింటూనే పెరుగుతుంది, చెట్టు జోలికి రాదు. రెక్కలొచ్చాకే చెట్టెక్కుతుంది. తుఫాను తర్వాత వీటి బెడద పెరగడానికి కారణం ఇదే, పడిన ప్రతి చెట్టూ వాటికి ఇల్లు.

పశువుల సాల వెనక మా గత్తం కుప్పని పారతో తిరగేశాం. తొమ్మిది దొరికాయి. తెల్లగా, లావుగా, గోధుమ రంగు తలతో, సి అక్షరంలా చుట్టుకుని. పక్క తోట వాళ్ళని అనవసరంగా అనుమానించాం. కోళ్ళు మాత్రం పండగ చేసుకున్నాయి.

ఇది మన దగ్గరే ఆగలేదు. 1909లో సిలోన్ నుంచి వెళ్ళిన రబ్బరు మొక్కలతో పాటు పసిఫిక్‌లోని సమోవాకి చేరింది. 2007లో గ్వామ్, 2013లో హవాయి. 1963లో హ్యూగర్ అనే శాస్త్రవేత్త మలేసియాలో దీనికి జబ్బు తెచ్చే వైరస్‌ని కనిపెట్టాడు, దాన్ని సమోవాలో వదిలి చాలావరకు అదుపు చేశారు. మనకి అందుబాటులో ఉన్నది మెటారైజియం అనే పచ్చ బూజు, గత్తంలో కలిపితే పిల్ల పురుగులకి సోకుతుంది. మొవ్వులో ఉన్నదాన్ని ఇనుప కొక్కెంతో లాగెయ్యాలి. వేపపిండి, ఇసుక కలిపి పై మట్టల మొదళ్ళలో వెయ్యాలి. మావయ్య ఈ రెండూ చేస్తున్నాడు. కుప్ప వైపే ఎవరూ చూడలేదు.

అసలు గొడవ దుంగల దగ్గర వచ్చింది. తిత్లీలో పడిన తాతయ్య చెట్లలో రెండిటి దుంగలు తోట గట్టు మీద ఇంకా ఉన్నాయి. అమ్మమ్మ సాయంత్రం వాటి మీదే కూర్చుంటుంది. వాటిని చీల్చి కాల్చెయ్యాలని నేను చెప్పలేక, సీసా, ఫొటోలు, తెగిన మట్ట తెచ్చి ఆమె ముందు పెట్టి మొత్తం వివరించాను. ఆమె ఏమీ అనలేదు. లేచి పక్కకి నిలబడింది.

మావయ్య గొడ్డలితో రెండు దెబ్బలు వేస్తే మొదటి దుంగ పొడిపొడిగా విచ్చుకుంది. లోపల గుడ్డు ఆకారంలో ఒక గూడు, అందులో ఇంకా రంగు ముదరని పురుగు కొమ్ముతో సహా తయారై ఉంది. కొన్నాళ్ళాగితే అదీ మా ట్యూబ్‌లైట్ కిందకే వచ్చేది.

అమ్మమ్మ వంగి చూసి, "మీ తాతుంటే ఎప్పుడో సీల్చీసుండును. నానే ఉంచీనాను" అంది. తర్వాత రెండో దుంగ వైపు చెయ్యి చూపించింది.