ఔత్సాహికుని పరుగు

'తీరిక లేదు' అన్న మాట వినిపించని ఇల్లు లోకంలో లేదు. విద్యార్థికి పరీక్షలు, ఉద్యోగికి కార్యాలయం, గృహిణికి వంటిల్లు, రైతుకు చేను. ఎవరి కారణాలు వారివి. ఈ కారణాలలో అసత్యమేమీ లేదు. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. జీవనోపాధికి ఇవ్వవలసిన కాలాన్ని ఇచ్చివేసిన తరువాత, మిగిలిన కాస్త వ్యవధిలో మనసుకు నచ్చిన విద్యను ఉన్నతస్థాయిలో సాధించడం సాధ్యమేనా? జపాను దేశానికి చెందిన యూకీ కవావుచి అనే పరుగువీరుని జీవితం ఈ ప్రశ్నకు ఒక సమాధానం.

ధనార్జన కోసం గాక ఇష్టం కొద్దీ ఒక క్రీడనో, కళనో సాధన చేసే వ్యక్తిని ఆంగ్లంలో 'అమెచ్యూర్' అంటారు. ప్రేమించేవాడు అనే అర్థమిచ్చే లాటిన్ పదం నుండి ఈ మాట పుట్టింది. మనం దీనికి 'ఔత్సాహికుడు' అనే పదాన్ని వాడుతున్నాం. ఉత్సాహం కలవాడు ఔత్సాహికుడు. మన ఆలంకారికులు వీర రసానికి ఉత్సాహాన్ని స్థాయీభావంగా చెప్పారు. వచ్చిపోయే భావాలు సంచారులు. చివరివరకు నిలిచేది స్థాయి. కనుక నాలుగు రోజులు ఉండి చల్లారిపోయే సరదా ఉత్సాహం కాజాలదు. ఈ భేదాన్ని గుర్తుంచుకొని కవావుచి జీవితాన్ని పరిశీలిద్దాం.

కవావుచి 1987 మార్చి 5న టోక్యోలో జన్మించాడు. పొరుగునున్న సైతామా ప్రాంతంలో పెరిగాడు. తల్లి తన విద్యార్థి దశలో పరుగుపందాలలో పాల్గొన్న క్రీడాకారిణి. బాల్యంలో ఆమెయే గడియారం చేతబట్టి కుమారుని చేత పరుగు సాధన చేయించింది. అయితే ఉన్నత పాఠశాలలో చేరిన తరువాత కఠోర శిక్షణ వల్ల అతడు తరచు గాయాలపాలయ్యాడు. పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల జట్లు అతనికై ఎదురుచూడలేదు. టోక్యోలోని గకుషూయిన్ విశ్వవిద్యాలయంలో సామాన్య విద్యార్థిగానే ప్రవేశించాడు.

అక్కడ అతని సాధనా మార్గం మారింది. ప్రతిదినం శరీరాన్ని హింసించే పద్ధతిని విడిచి, వారానికి రెండు దినాలు మాత్రమే తీవ్రంగానూ, తక్కిన దినాలు నెమ్మదిగానూ పరుగెత్తడం అలవరచుకున్నాడు. గాయాలు తగ్గాయి; వేగం పెరిగింది. జపానులో ఏటా జనవరి 2, 3 తేదీలలో టోక్యో, హకోనేల మధ్య విశ్వవిద్యాలయాల అంచెల పరుగు జరుగుతుంది. దేశమంతా ఆసక్తితో తిలకించే ఆ పందెంలో తన విశ్వవిద్యాలయ జట్టుకు స్థానం లేకపోయినా, 2007లోను, 2009లోను అతడు ఎంపిక జట్టు సభ్యుడుగా పాల్గొన్నాడు. కొండమీది నుండి దిగివచ్చే ఆరవ అంచె అతనిది.

పట్టభద్రుడైన తరువాత అతని ముందు రెండు మార్గాలు కనిపించాయి. జపానులో దూరపు పరుగులో పేరుపొందినవారు చాలామంది కంపెనీల జట్లలో చేరతారు. కంపెనీ వారికి జీతమిస్తుంది. శిక్షకుణ్ణి, వసతిని ఏర్పాటు చేస్తుంది. కార్యాలయంలో పనిభారం తగ్గిస్తుంది. కవావుచి ఆ మార్గాన్ని అనుసరించలేదు. 2009లో సైతామా ప్రాంతీయ ప్రభుత్వ ఉద్యోగంలో చేరాడు. సాయంకాలపు తరగతులు నడిచే ఒక ఉన్నత పాఠశాల కార్యాలయంలో గుమాస్తా పని అది. మధ్యాహ్నం సుమారు ఒంటిగంటకు మొదలైన విధి రాత్రి 9 గంటలు దాటిన తరువాత గాని ముగిసేది కాదు.

ఇటువంటి ఉద్యోగంలో సాయంకాలపు సాధనకు అవకాశం శూన్యం. కాబట్టి ఉదయమే అతని క్రీడారంగమైంది. తక్కిన క్రీడాకారులు రోజుకు రెండు పూటలు సాధన చేస్తూ ఉండగా, అతడు ఒకే పూట పరుగెత్తేవాడు. వారం మధ్యలో ఒకనాడు వేగసాధన, వారాంతంలో దీర్ఘమైన పరుగు. తక్కిన దినాలలో గంటన్నరకు పైగా సాగే నెమ్మది పరుగు. ఇదీ అతని క్రమం. తోడుగా శిక్షకుడు గాని, జట్టు గాని లేరు. ఆ లోటును పూరించడానికి అతడొక ఉపాయాన్ని కనిపెట్టాడు. సెలవు దినాలలో జరిగే పందాలనే సాధనగా మార్చుకున్నాడు. మారథాన్ అనగా 42.195 కిలోమీటర్ల పరుగు. ఏడాదికి రెండు మూడు మారథానులే అధికమని క్రీడాకారులు భావించే కాలంలో అతడు నెలకొకటి వంతున పరుగెత్తాడు. 2013 డిసెంబరులో రెండు వారాల వ్యవధిలో ఫుకువోకాలో 2 గం. 9 ని. 5 సె., హోఫూలో 2 గం. 9 ని. 15 సె. కాలంలో రెండు మారథానులు పూర్తిచేశాడు.

అంతకుముందే, 2011 ఫిబ్రవరిలో జరిగిన టోక్యో మారథాన్‌లో అతడు 2 గం. 8 ని. 37 సె. కాలంలో గమ్యం చేరి మూడవ స్థానం పొందాడు. కంపెనీ జట్ల వారినందరినీ అధిగమించి జపాను క్రీడాకారులలో ప్రథముడుగా నిలిచాడు. ఒక పాఠశాల గుమాస్తా సాధించిన ఈ విజయం దేశాన్ని ఆశ్చర్యచకితం చేసింది.

విజయం వెంట పరాజయం కూడా వచ్చింది. 2012లో అదే టోక్యో మారథాన్‌లో అతడు 14వ స్థానానికి దిగజారాడు. లండన్ ఒలింపిక్స్‌కు వెళ్లే అవకాశం చేజారింది. తనపై ఆశలు పెట్టుకున్నవారికి క్షమాపణ సూచకంగా శిరోముండనం చేయించుకున్నాడు. కాని పరుగు మానలేదు. 2014లో ఇంచియాన్ నగరంలో జరిగిన ఆసియా క్రీడలలో కాంస్య పతకం సాధించాడు.

అతని కీర్తికి శిఖరం 2018 ఏప్రిల్ 16వ తేదీ. అమెరికాలోని బోస్టన్ నగరంలో 1897 నుండి జరుగుతున్న మారథాన్ అది. ఆనాడు కుండపోతగా వర్షం, ఎదురుగాలి, 5 డిగ్రీలకు లోబడిన ఉష్ణోగ్రత. ప్రఖ్యాతి గాంచిన క్రీడాకారులు అనేకులు చలికి తాళలేక మధ్యలోనే విరమించారు. కవావుచి మాత్రం మొదటి మైలులోనే అందరినీ దాటి ముందుకు దూకాడు. పిమ్మట వెనుకబడ్డాడు. ముందటి సంవత్సరపు విజేత, కెన్యాకు చెందిన జెఫ్రీ కిరుయి చాలా ముందుకు సాగిపోయాడు. ఇక పందెం ముగిసినట్లేనని చూసేవారు భావించారు. గమ్యం సుమారు 2 కిలోమీటర్ల దూరంలో ఉండగా కవావుచి అతణ్ణి దాటాడు. 2 గం. 15 ని. 58 సె. కాలంలో విజేత అయ్యాడు. 1987 తరువాత బోస్టన్‌లో జపాను పురుషుడు గెలవడం అదే ప్రథమం. అతడు పుట్టిన సంవత్సరమూ అదే కావడం విశేషం.

చలి, వాన, గాలి ఇతరులకు శత్రువులైనాయి, అతనికి మిత్రులైనాయి. ఇది అదృష్టమని కొందరు అనవచ్చు. కాని అదే సంవత్సరం జనవరి 1న బోస్టన్‌కు సమీపంలోని మార్ష్‌ఫీల్డ్‌లో, గడ్డకట్టే చలిలో అతడు ఒక మారథాన్ పరుగెత్తి ఉన్నాడు. ప్రతికూల పరిస్థితులు అతనికి కొత్తవి కావు. సౌకర్యాల నడుమ సాధన చేసినవానికి సౌకర్యం పోగానే ధైర్యం పోతుంది. ఏనాడూ సౌకర్యం ఎరుగనివానికి పోగొట్టుకొనేది ఏమున్నది?

ఇక్కడ ఒక సత్యాన్ని దాచరాదు. ఉద్యోగం అతని పరుగుకు అడ్డు కాలేదనడం సరికాదు. ప్రభుత్వోద్యోగి కావడం వల్ల ప్రాయోజకుల ధనం స్వీకరించే వీలు లేదు. 2013లో సాధించిన 2 గం. 8 ని. 14 సె. కాలాన్ని ఏళ్లు గడచినా మెరుగుపరచుకోలేకపోయాడు. చివరకు పది సంవత్సరాల ఉద్యోగాన్ని విడిచి, 2019 ఏప్రిల్ నుండి పరుగునే వృత్తిగా స్వీకరించాడు. 2021లో బివా సరస్సు మారథాన్‌లో 2 గం. 7 ని. 27 సె. కాలం సాధించాడు. తీరిక అతనికి 47 సెకన్లు ప్రసాదించింది. అది చిన్న లాభం కాదు. కాని ఆ 47 సెకన్లకు ముందున్నదంతా తీరిక లేని పదేళ్లలో సంపాదించుకున్నదే. బోస్టన్ విజయమూ ఆ పదేళ్లలోనిదే.

విద్యార్థులారా! అందరూ కవావుచి వలె విజేతలు కాలేరు, కానక్కరలేదు. హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాలలో తెల్లవారకముందే పరుగెత్తి, ఆ వెంటనే విధులకు వెళ్లే ఉద్యోగులు నేడు ఎందరో ఉన్నారు. వారికి పతకాలు రావు. ఆ ఒక్క గంట వారి సొంతం; అదే వారికి బహుమానం. ప్రవేశ పరీక్షల ఒత్తిడిలో ఉన్న మీరు పాటనో, చిత్రలేఖనాన్నో, ఆటనో 'తరువాత చూద్దాం' అని పక్కన పెట్టి ఉంటారు. పూర్తి తీరిక వచ్చే రోజు కోసం ఎదురుచూడకండి. సముద్రంలో అలలు ఆగిన తరువాత స్నానం చేద్దామనుకున్నవాడు ఒడ్డునే ఉండిపోతాడు. దినానికి ఒక పూట చాలు. అయితే ఆ పూట తప్పరాదు. అలసిన శరీరానికి విశ్రాంతి ఇవ్వడం కూడా సాధనలో భాగమేనని మరువరాదు. ఉత్సాహాన్ని సంచారిగా గాక స్థాయిగా నిలుపుకున్నవాడే నిజమైన ఔత్సాహికుడు.

కఠిన పదాలు – అర్థాలు
జీవనోపాధి – బతుకుతెరువు
వ్యవధి – మధ్యకాలం, గడువు
ఆలంకారికులు – కావ్య లక్షణాలు చెప్పిన పండితులు
స్థాయీభావం – రసానికి మూలమై నిలిచి ఉండే భావం
పట్టభద్రుడు – డిగ్రీ పొందినవాడు
శిరోముండనం – తల గొరిగించుకోవడం
ప్రాయోజకులు – క్రీడాకారులకు ధనసహాయం చేసే సంస్థలు

ప్రశ్నలు
1. 'ఔత్సాహికుడు' అనే పదాన్ని రచయిత ఏ విధంగా వివరించారు?
2. ఉద్యోగం చేస్తూ కవావుచి సాధన కొనసాగించిన విధానాన్ని తెలపండి.
3. 'తీరిక అతనికి 47 సెకన్లు ప్రసాదించింది' – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. మీరు పక్కన పెట్టిన ఒక అభిరుచిని గూర్చి, దానికి దినంలో ఏ సమయాన్ని కేటాయించగలరో పది వాక్యాలలో రాయండి.