గ్రౌండ్ క్లాసుకు ఫీజు కట్టే ముందు: జార్జి టౌన్ విద్యార్థుల ప్రశ్నలు, జవాబులు

మబ్బుల్లో బయట ఏమీ కనబడనప్పుడు పరికరాలనే నమ్ముకుని విమానం నడిపే అర్హతే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్. దానికి కావలసిన పాఠాలు (గ్రౌండ్ క్లాసు) చెబుతామంటూ వచ్చే ప్రకటనలు చూసి చెన్నై తెలుగు కుటుంబాలు అడిగే ప్రశ్నలివి.

గ్రౌండ్ క్లాసులో చేరకుండా పౌర విమానయాన నియంత్రణ సంస్థ (డీజీసీఏ) పరీక్షలు రాయొచ్చా?
రాయొచ్చు. కంప్యూటర్ నంబర్ తీసుకుని, పరీక్ష పోర్టల్లో దరఖాస్తు చేసుకుంటే చాలు. పాస్ కావాలంటే ఒక్కో పేపర్లో 70 శాతం రావాలి. ఇంట్లో చదివారా, క్లాసులో చదివారా అని ఎవరూ అడగరు.

"డీజీసీఏ గుర్తింపు ఉంది" అంటున్నారు. నమ్మొచ్చా?
డీజీసీఏ అనుమతి ఇచ్చేది విమానం నడపడం నేర్పే సంస్థలకు. పాఠాలు మాత్రమే చెప్పే ట్యూషన్ కేంద్రాలకు కాదు. అనుమతి ఉన్న సంస్థల జాబితా డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఆ సంస్థలకు 2025 అక్టోబర్ నుంచి ఏడాదికి రెండుసార్లు ర్యాంకులు కూడా ఇస్తున్నారు. బోర్డు మీది పేరు జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి.

ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు విడిగా కోర్సు కొనాలా?
ముందు సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) కోర్సు సిలబస్ అడగండి. వీఓఆర్, ఐఎల్‌ఎస్ వంటి రేడియో సాధనాలు నావిగేషన్‌లో, మబ్బులు, మంచు పేరుకోవడం, ఉరుముల తుపానులు వాతావరణ శాస్త్రంలో వస్తాయి. అవి అందులోనే ఉంటే అదే పాఠానికి రెండోసారి డబ్బు కట్టే పని లేదు. రేటింగ్‌కు కావలసిన 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ సమయం మాత్రం ఫ్లయింగ్ స్కూల్లోనే దొరుకుతుంది. అందులో కొంత భాగానికే సిమ్యులేటర్ చెల్లుతుంది.

అమెరికాలో శిక్షణకు వెళ్తున్నాను. ఇక్కడి క్లాసు పనికొస్తుందా?
విషయం అర్థం కావడానికి పనికొస్తుంది. అక్కడి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ రాతపరీక్షలో 60 ప్రశ్నలుంటాయి, 70 శాతం రావాలి. పరీక్షకు కూర్చోవాలంటే అక్కడి అర్హత ఉన్న శిక్షకుడు మీరు సిద్ధమని రాసివ్వాలి, లేదా అక్కడి నిబంధనలకు సరిపోయే కోర్సు పూర్తి చేసిన పత్రం కావాలి. తిరిగొచ్చి భారత లైసెన్స్‌గా మార్చుకునేటప్పుడు డీజీసీఏ పేపర్లు తప్పవు. అందుకే ఇక్కడి నోట్సు పారేయకండి.

ఫీజు మీద జీఎస్‌టీ న్యాయమేనా?
ప్రైవేట్ కోచింగ్‌పై 18 శాతం పన్ను ఉంది. డీజీసీఏ అనుమతి ఉన్న ఫ్లయింగ్ సంస్థ నడిపే ఆమోదిత కోర్సుకు మినహాయింపు ఉందని 2024లో జీఎస్‌టీ మండలి స్పష్టం చేసింది. పన్ను వేస్తే బిల్లులో జీఎస్‌టీ నంబర్ ఉందో లేదో చూడండి.

"వంద శాతం పాస్ గ్యారంటీ" అని ప్రకటన ఇవ్వొచ్చా?
కూడదు. కోచింగ్ కేంద్రాలు ఇచ్చే తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబర్ 13న మార్గదర్శకాలు ఇచ్చింది. 50 మందికి మించి చదివే కేంద్రాలన్నిటికీ ఇవి వర్తిస్తాయి. విజేత ఫొటో వేయాలంటే, ఫలితం వచ్చాక ఆ విద్యార్థి లిఖితపూర్వక అంగీకారం ఉండాలి. ఆ విద్యార్థి ఏ కోర్సు, ఎన్నాళ్లు చదివాడో కూడా చెప్పాలి.

చెప్పినట్టు పాఠాలు జరగకపోతే?
ముందు రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సంస్థ హైదరాబాద్‌లో ఉన్నా సరే, 2019 చట్టం ప్రకారం జార్జి టౌన్‌లో ఉండేవారు చెన్నైలోనే ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే కమిషన్‌కు రుసుము లేదు. వివాదం తలెత్తిన రెండేళ్లలోపు వెళ్లాలి. విశ్వవిద్యాలయాలతో వచ్చే పేచీ వేరు. కోచింగ్ కేంద్రాలు మాత్రం వినియోగదారుల చట్టం కిందికే వస్తాయని జాతీయ కమిషన్ 2020లో చెప్పింది.

డబ్బు కట్టే ముందు ఏం అడగాలి?
ఎన్ని గంటల పాఠం, ఏ సబ్జెక్టు ఎవరు చెబుతారు, ఆ మాస్టారికి ఏ లైసెన్స్ ఉంది, పరీక్ష తప్పితే మళ్లీ కూర్చోనిస్తారా, మానేస్తే ఎంత తిరిగిస్తారు: ఈ ఐదూ కాగితం మీద రాయించుకోండి. రాసివ్వనంటే అక్కడ చేరకండి.